జేకబ్ రీస్

చీకటి నిండిన యింటిలో ఎవరున్నారో, ఏ స్థితిలో నున్నారో వీథిని పోవు బాటసారికి తెలియదు. ఆ యింటివారి ఆకలి అతనికి వినబడదు. వారి కష్టములను గూర్చి ఎవరైన చెప్పినను, చెప్పినంతసేపు విని, అయ్యో పాపమని, పిమ్మట తన దారిని తాను పోవును. కన్నులార చూచిననాడుగాని మనుజుని మనస్సు కదలదు. పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగమున అమెరికాలోని న్యూయార్కు మహానగరములో లక్షలకొలది బీదలు ఇట్టి చీకటి యిండ్లలో మ్రగ్గుచుండిరి. ఆ యిండ్లలోనికి కెమెరాతో ప్రవేశించి, అచ్చటి బ్రదుకును నగరవాసులందరి కన్నులయెదుట నిలిపినవాడు జేకబ్ రీస్. అతడు ధనవంతుడు కాడు. అధికారి కాడు. ఛాయాచిత్ర కళను గురువునొద్ద నభ్యసించినవాడును కాడు. పొట్టకూటికై పరదేశము వచ్చి, తానును ఒకనాడు దిక్కులేక వీథులలో పండుకొన్న సామాన్య పత్రికా విలేఖరి.

జేకబ్ రీస్ 1849వ సంవత్సరము మే నెల 3వ తేదీన డెన్మార్కు దేశమునందలి రీబే అను చిన్న పట్టణములో జన్మించెను. అతని తండ్రి బడిపంతులు. ఆ ఊరి పత్రికకు అప్పుడప్పుడు వ్యాసములు కూడ వ్రాయుచుండెడివాడు. సంసారము పెద్దది, రాబడి చిన్నది. పిల్లలలో పెక్కుమంది పెరిగి పెద్దవారు కాకమునుపే మరణించిరి. కుమారుడు చదువుకొని తనవలెనే బోధకుడు కావలెనని తండ్రి కోరెను. కాని జేకబునకు వడ్రంగిపనిమీద మనస్సు కలిగెను.

అతని బాల్యమునందలి ఒక చిన్న సంగతి చెప్పదగినది. రీబే పట్టణములో మురికికాలువ ప్రక్కన ఒక పాడుపడిన యిల్లుండెను. అందులో మిక్కిలి బీదలైనవారు కాపురముండిరి. జేకబునకు పండ్రెండేండ్ల ప్రాయమున క్రిస్మసు పండుగకు కొంత డబ్బు బహుమానముగా లభించెను. అతడు దానిని మిఠాయిలకు వెచ్చింపక, ఆ యింటిలోని యొక కుటుంబమునకు తీసికొనిపోయి యిచ్చెను. అయితే ఇల్లు ఊడ్చి తుడిచి, పిల్లలను శుభ్రముగా నుంచవలెనని ఒక నిబంధన పెట్టెను. బీదవారు మంచి యింటిలో నుండవలెనన్న తలంపు అతని హృదయములో ఆనాడే నాటుకొనెను. తాను ఇచ్చినదానికి బదులుగా వారు తాను చెప్పినట్లు నడచుకొనవలెనన్న పట్టుదలయు ఆనాడే పొడసూపెను. ఈ రెండు గుణములును అతనిని కడదాక విడువలేదు.

వడ్రంగిపని నేర్చుకొనుచున్న కాలమున జేకబు తన యజమానుని పెంపుడు కుమార్తెయైన ఎలిజబెత్తును ప్రేమించెను. యజమానుని కది యిష్టము కాలేదు. జేకబు కోపెన్‌హాగన్ నగరమునకు పోయి పని పూర్తిగా నేర్చి తిరిగి వచ్చెను. కాని ఊరిలో పని దొరకలేదు. ఆమెయు వివాహమునకు సమ్మతింపలేదు. మనసు విరిగి, 1870వ సంవత్సరమున తన యిరువదియొకటవ యేట అతడు అమెరికాకు ఓడనెక్కెను. మిత్రులు చందా వేసి యిచ్చిన నలువది డాలర్లును, ఎలిజబెత్తు తల్వెండ్రుకలు కొన్ని దాచిన చిన్న బంగారు పతకమును మాత్రమే అతని ఆస్తి. ఆ పతకమును ఆమె తల్లియే జాలిపడి అతని కిచ్చెను.

అమెరికాలో రాజమార్గముల వెంట అడవిదొంగలు తిరుగుచుందురని అతడు పుస్తకములలో చదివియుండెను. అందుచే దిగిన కొలదికాలముననే తన డబ్బులో సగము పెట్టి ఒక పిస్తోలు కొనెను. తనకు ముందున్న శత్రువు దొంగ కాడు, ఆకలియే యని అతనికి తెలియుటకు ఎన్నో దినములు పట్టలేదు. ఇనుప కర్మాగారమువద్ద వడ్రంగిపని చేసెను. బొగ్గుగనిలో దిగి ఒక్క దినములోనే భయపడి బయటికి వచ్చెను. ఇటుకల బట్టీలో పనిచేసెను. ఏ పనియు నిలువలేదు. తుదకు చేతిలో కాసు లేక న్యూయార్కు వీథులలో తిరుగుచు, ఇతరులు పారవేసిన రొట్టెముక్కలతో కడుపు నింపుకొనుచు, గుమ్మములలో పండుకొనుచు కాలము గడపెను.

ఆ దినములలో న్యూయార్కులోని పోలీసు ఠాణాలయందు ఇల్లు లేనివారికి రాత్రిపూట తలదాచుకొనుటకు కొన్ని గదులుండెను. అవి పేరునకు మాత్రమే ఆశ్రయములు. పరుపు లేదు, దుప్పటి లేదు. కటికి బల్లలమీద దొంగలు, త్రాగుబోతులు, రోగులు, పని దొరకని పల్లెటూరి కుఱ్ఱలు ఒకరినొకరు ఆనుకొని పండుకొనవలసినదే. వాన కురియుచున్న ఒక రాత్రి రీస్ చర్చి వీథిలోని ఠాణాకు పోయెను. వీథిలో పరిచయమైన ఒక చిన్న కుక్క అతనిని వెన్నంటి వచ్చెను. దానిని లోనికి రానీయలేదు. అది గుమ్మమువద్దనే ముడుచుకొని అతనికొరకు కాచుకొనియుండెను. నడిరేయి మెలకువ వచ్చి చూచుకొనగా రీసు మెడలోని బంగారు పతకము లేదు. అతడు పోలీసు అధికారియొద్దకు పోయి మొఱపెట్టుకొనెను. దేశదిమ్మరికి బంగారమెక్కడిదని అధికారి అతనినే దొంగగా జమకట్టి బయటికి గెంటించెను. తన స్నేహితునిపై చేయివేసిన కావలివానిని చూచి కుక్క గుఱ్ఱుమనెను. ఆ కావలివాడు దానిని కాళ్లు పట్టి రాతిమెట్లమీద మోది చంపెను. రీస్ దుఃఖముచేతను కోపముచేతను ఒడలెఱుగక ఠాణామీద రాళ్లు విసరెను. ఇద్దరు పోలీసులు అతనిని రేవువఱకు నడిపించి విడిచిరి. అతడు తన పట్టు రుమాలు పడవకూలి క్రింద నిచ్చి నది దాటి, ఆ నగరమును విడిచిపోయెను. ఆ రాత్రిని అతడు జీవితములో ఎన్నడును మఱవలేదు.

తరువాతి మూడేండ్లును అతడు ఊరూర తిరిగి అనేకములైన పనులు చేసెను. బట్టలకు పెట్టు ఇస్త్రీపెట్టెలనుకూడ అమ్మెను. 1873వ సంవత్సరమున న్యూయార్కునకు మరలివచ్చి ఒక వార్తాసంస్థలో ఉద్యోగము సంపాదించెను. పగలనక రాత్రియనక పాటుపడి బ్రూక్లిన్‌లో ఒక చిన్న పత్రికకు సంపాదకుడై, దానిని కొని, అప్పులు తీర్చి, నాలుగు డబ్బులు వెనుకవేసెను. అంతలో ఎలిజబెత్తునొద్దనుండి సమ్మతి తెలుపు ఉత్తరము వచ్చెను. అతడు స్వదేశమునకు పోయి 1876వ సంవత్సరము మార్చి నెలలో ఆమెను పెండ్లాడి, ఇరువురును అమెరికాకు వచ్చిరి. 1877లో అతడు ట్రిబ్యూన్ పత్రికకు పోలీసు వార్తల విలేఖరిగా నియమింపబడెను. ఒకనాడు తనను గెంటివేసిన పోలీసు శాఖయొక్క ప్రధాన కార్యాలయమునకు ఎదుటనే, మల్బరీ వీథిలో, అతని కచేరి ఏర్పడెను.

మల్బరీ వీథి ఒక్కచోట వంపు తిరుగును. ఆ వంపుచుట్టును ఉన్న పేట న్యూయార్కులోని మురికిపేటలన్నిటిలో అపకీర్తి కెక్కినది. ఐర్లండు, జర్మనీ, ఇటలీ, రష్యా, చీనా మొదలగు దేశములనుండి పొట్ట చేతపట్టుకొని వచ్చినవారు నగరములోని ఇట్టి పేటలలోనే దిగుచుండిరి. వారికొరకు యజమానులు ఇరుకైన స్థలములలో అయిదారంతస్తుల అద్దెమేడలు కట్టిరి. ముందుగది కొకటి రెండు కిటికీలుండును. లోపలిగదులకు కిటికీయే యుండదు. పగటివేళ కూడ అందు దీపము కావలెను. పెరటిలో మిగిలిన జానెడు చోటునకూడ మఱియొక మేడ లేచును. అనేక కుటుంబములకు కలిపి ఒక్కటే నీటికుళాయి, ఒక్కటే పాయిఖానా. అద్దె మాత్రము తక్కువ కాదు. ఆ అద్దె చెల్లించుటకై పలు కుటుంబములవారు తమ యొంటిగదిలోనే పరులకుకూడ చోటు అద్దెకిచ్చుచుండిరి. కొన్ని యిండ్లలో తల్లిదండ్రులును పిల్లలును కలిసి తెల్లవారినది మొదలు ప్రొద్దుపోవువఱకు బట్టలు కుట్టుచు, చుట్టలు చుట్టుచు నుండిరి. వేసవిలో పసిబిడ్డలు గాలి చాలక రాలిపోవుచుండిరి. నగరజనములో నాలుగింట మూడుపాళ్లు అద్దెమేడలలోనే యున్నారనియు, అట్టి మేడలు ముప్పదియేడువేలు కలవనియు, పండ్రెండు లక్షలకు పైగా జనులు వానిలో నివసించుచున్నారనియు రీస్ తరువాత తన పుస్తకములో లెక్క చెప్పెను.

రీస్ పని ముగించుకొని రాత్రి రెండు గంటలకో మూడు గంటలకో ఆ పేటగుండనే ఇంటికి నడచిపోవుచుండెడివాడు. జనము కిక్కిరిసిన గదులను తనిఖీ చేయు ఆరోగ్యశాఖవారితో కలిసి తానును లోనికి పోయి చూచెడివాడు. నలుగురు పట్టని గదిలో డజనుమంది నేలమీద పడియుండుట కనబడుచుండెను. చూచినది చూచినట్లు పత్రికకు వ్రాసెను. ఆరోగ్యశాఖకు నివేదించెను. ఎవ్వరును చలింపలేదు. విలేఖరి మాటలు కొంచెము పెంచి వ్రాసినవై యుండునని కొందఱు, బీదలు సోమరులు గనుకనే ఆ గతి పట్టినదని కొందఱు అనుకొనిరి. తన కన్నులతో చూచినదానిని ఇతరుల కన్నులకు చూపు ఉపాయము లేదా యని అతడు ఏండ్లతరబడి పరితపించెను. బొమ్మ గీయుట అతనికి రాదు. వచ్చినను, గీచిన బొమ్మను కల్పనయని త్రోసివేయవచ్చును.

బీదల బ్రదుకును ఛాయాచిత్రములలో చూపవలెనన్న తలంపు అంతకుముందు లేకపోలేదు. స్కాట్లండులోని గ్లాస్గో నగరములో పడగొట్టనున్న పాత సందులను థామస్ ఆనన్ అనునతడు 1868వ సంవత్సరము మొదలుకొని చిత్రములుగా తీసియుండెను. లండను వీథులలో పూలమ్ముకొనువారిని, పాతసామానులవారిని జాన్ థామ్సన్ చిత్రించి 1877లో ప్రకటింపసాగెను. కాని వారందఱును పగటివెలుతురులో ఆరుబయట తీసినవారే. సూర్యరశ్మి సోకని గదులలోనికి కెమెరా పోజాలకుండెను.

1887వ సంవత్సరమున ఒక ఉదయము రీస్ ఫలహారము చేయుచు పత్రికలో నాలుగు పంక్తుల చిన్న వార్తను చదివెను. మెగ్నీషియము పొడిని మఱికొన్ని పదార్థములతో కలిపి మండించినచో క్షణకాలము మెఱుపువంటి వెలుగు కలుగుననియు, ఆ వెలుగులో ఎంతటి చీకటిమూలనైనను ఛాయాచిత్రము తీయవచ్చుననియు జర్మనీలో కనుగొనిరని అందుండెను. అతడు భార్య ఉలికిపడునట్లు కేకవేసి పత్రికను క్రిందపెట్టెను. తాను ఇన్నాళ్లు వెదకుచున్న సాధనము అదియే. వెంటనే ఆరోగ్యశాఖలో జననమరణముల లెక్కలు చూచు డాక్టరు జాన్ నేగిల్‌తో ఆలోచించెను. నేగిల్ ఛాయాచిత్రములయందు ఆసక్తి గలవాడు. హెన్రీ పిఫర్డ్, రిచర్డ్ లారెన్స్ అను మఱియిద్దఱు ఔత్సాహికులును వారితో చేరిరి.

నలుగురును కలిసి నడిరాత్రివేళ అద్దెమేడల మెట్లెక్కుచుండిరి. ఒక్కొక్కప్పుడు పోలీసు భటుడును వెంట నుండెను. మొదట మెఱుపుమందును తూటాలలో నింపి పిస్తోలువంటి సాధనముతో పేల్చుచుండిరి. అర్ధరాత్రి అపరిచితులు తలుపు త్రోసికొని వచ్చి, పిస్తోలెత్తి పేల్చినచో నిద్రించుచున్నవారి గతి యేమి? కొందఱు కేకలు వేయుచు కిటికీలగుండ దూకి పారిపోయిరి. తరువాత రీస్ పిస్తోలును మానివేసి, మందును పెనములో పోసి వెలిగించు పద్ధతి నవలంబించెను. అందును అపాయము లేకపోలేదు. అతడు రెండు పర్యాయములు తాను చిత్రించుచున్న యిండ్లకే నిప్పు తగిలించెను. ఒకమాఱు తన బట్టలనే అంటించుకొనెను. గ్రుడ్డివారున్న యొక గదిలో గోడకు వ్రేలాడుచున్న గుడ్డలు అంటుకొనగా, తాను చేసిన పనికి వడకుచు అతడొక్కడే ఆ మంటల నార్పవలసివచ్చెను.

స్నేహితులు కొలదికాలమునకు ఈ రాత్రి సంచారమునకు విసిగిరి. అంతట రీస్ 1888వ సంవత్సరము జనవరిలో ఇరువదియైదు డాలర్లకు తన సొంత కెమెరాను కొనెను. దిక్కులేని శవములను వరుసగా పూడ్చు హార్టు దీవిలోని శ్మశానమునకు పోయి అచ్చట చిత్రములు తీయుట అభ్యసించెను. అతని మొదటి చిత్రము వెలుతురు మిక్కుటమై నల్లబారినను, ఆ నలుపు ఆ శ్మశానపు దైన్యమును మఱింత చక్కగా చూపినదని అతడు తృప్తిపడెను. చిత్రము అందముగా వచ్చినదా లేదా యని అతడు చూడలేదు. చూచినవాని గుండెకు తగిలినదా లేదా యనియే చూచెను.

ఆ నెలలోనే అతడు గాజుపలకలమీది చిత్రములను మ్యాజిక్ లాంతరు సాయమున తెరపై చూపుచు ఉపన్యసించుట మొదలుపెట్టెను. కొన్ని చర్చిలవారు ఇట్టి చిత్రములు దేవుని మందిరములో తగవని తలుపులు మూసికొనిరి. మఱికొన్ని చర్చిలవారు తెఱచిరి. మెత్తని యాసనములమీద కూర్చున్న శ్రోతల యెదుట, వారి యిండ్లకు ఒక క్రోసు దూరమునందలి గదులు తెరపై వెలుగసాగెను. అట్టి యుపన్యాసము నొకదానిని విన్న యొక పత్రికా సంపాదకుడు అతనిచే వ్యాసము వ్రాయించెను. ఆ వ్యాసమే పెరిగి 1890వ సంవత్సరమున పుస్తకమాయెను. దాని పేరు 'హౌ ది అదర్ హాఫ్ లివ్స్'. లోకములో సగముమంది ఎట్లు బ్రదుకుచున్నారో రెండవ సగమునకు తెలియదను సామెతనుబట్టి ఆ పేరు పెట్టబడినది.

ఆ కాలమున అతడు తీసిన యొక చిత్రమును చూడుడు. అది బేయర్డ్ వీథిలోని ఒక గది. పొడవునను వెడల్పునను పదమూడడుగులైన లేదు. అందు పండ్రెండుమంది ఆడవారును మగవారును నిద్రించుచున్నారు. కొందఱు గోడవారనున్న అటకలవంటి బల్లలమీదను, తక్కినవారు నేలమీదను ఉన్నారు. మూటలు, బూట్లు, వంటగిన్నెలు వారి నడుమ చెల్లాచెదరుగా పడియున్నవి. రాత్రికి మనిషికి అయిదు సెంట్లు అద్దె. వెలుగునకు మేల్కొన్న యొకడు నిద్రకన్నులతో కెమెరావైపు చూచుచున్నాడు. ఈ చిత్రమును చూచినవాడు గదిలో గాలి ఎట్లుండునో తానే ఊహించుకొనగలడు. వేయి వాక్యములు చేయలేని పనిని ఆ యొక్క గాజుపలక చేసెను.

పుస్తకమును చదివినవారిలో థియొడోర్ రూజ్‌వెల్టు ఒకడు. అతడు రీస్ కచేరికి స్వయముగా పోయి, రీస్ లేకపోగా, పుస్తకము చదివితిననియు సాయపడుటకు వచ్చితిననియు చీటీ వ్రాసిపెట్టి వెళ్లెను. 1895వ సంవత్సరమున రూజ్‌వెల్టు ఆ నగర పోలీసు కమిషనర్ల మండలికి అధ్యక్షుడాయెను. ఇద్దఱును రాత్రివేళల వీథులు తిరిగి నగరస్థితిని చూచుచుండిరి. ఒక రాత్రి వారు చర్చి వీథి ఠాణాకు పోయిరి. పాతికేండ్లకు పూర్వము తాను పండుకొన్న గదిని, తన కుక్క చచ్చిన మెట్లను రీస్ చూపి, జరిగినదంతయు చెప్పెను. రూజ్‌వెల్టు అగ్రహోదగ్రుడాయెను. 1896వ సంవత్సరము ఫిబ్రవరిలో ఆ నగరములోని పోలీసు ఠాణాల ఆశ్రయగదులు మూయబడెను. తనను అవమానించినవానిపై పగ సాధింపక, ఆ అవమానమునకు తావైన పద్ధతినే రీస్ తొలగింపజేసెను.

అతని కెమెరా ఇండ్లలోనే ఆగలేదు. 1891వ సంవత్సరమున నగరపు త్రాగునీటిలో కల్మషము చేరినదను సూచన ఆరోగ్యశాఖ ప్రకటనలో అతనికి కనబడెను. అతడు కెమెరా తీసికొని క్రోటన్ జలాశయమునకు నీరు తెచ్చు సెలయేళ్ల వెంట నడచి, ఊళ్ల మురికి వానిలో కలియుచున్న చోట్ల నెల్ల చిత్రించి పత్రికలో ప్రకటించెను. నీటికి పేదసాదలని భేదము లేదుగదా! ఈసారి ధనికులును ఉలికిపడిరి. నగరమువారు ఆ సెలయేళ్ల చుట్టునున్న భూమిని కొని నీటిని కాపాడిరి.

మల్బరీ వంపులోని మేడలను పడగొట్టించుటకు అతడు ఏండ్లకొలది పోరాడెను. చట్టము వచ్చినను, ధనము మంజూరైనను, పనులు సాగక నిలిచిపోవుచుండెను. అతడు మాత్రము వ్రాయుట మానలేదు. తుదకు మేడలు కూలిపోయి ఆ స్థలమున ఒక తోట వెలసెను. 1897వ సంవత్సరమున దానిని ప్రారంభించు సభకు రీసును పిలువనే లేదు. అయినను అతడు పోయి జనముమధ్య నిలుచుండి చూచెను. తన పేరు వినబడనందుకు అతడు చింతింపలేదు. పచ్చికపై పిల్లలు పరుగెత్తుచుండుటయే అతనికి చాలును.

అద్దెమేడల సంస్కరణ ఒక్కని పని కాదు. లారెన్స్ వైలర్ మొదలగువారు 1900వ సంవత్సరమున ఛాయాచిత్రములతోను, మేడల నమూనాలతోను, పటములతోను ఒక ప్రదర్శనము నేర్పరచి ప్రజలకు చూపిరి. మఱుసటి యేట, 1901లో, కొత్త చట్టము వచ్చెను. కొత్తగా కట్టు మేడలలో ప్రతి గదికిని వెలుపలికి తెఱచు కిటికీ యుండవలెను. ప్రతి కుటుంబమునకును వేఱు పాయిఖానాయు నీటివసతియు నుండవలెను. పొడవైన గాలిగొట్టమువంటి సందు చాలదు, తగిన ముంగిలి విడువవలెను. చీకటిగదులకు కిటికీలు వచ్చుటకు, ఆ గదుల చిత్రములు ఇతరుల కంటబడుటయును ఒక ముఖ్యకారణము.

ఇంత మేలు చేసినవానియందు లోపములు లేవా యన్నచో, కలవు. వానినికూడ తెలిసికొనుట న్యాయము. తన పుస్తకములో అతడు చీనావారిని, యూదులను, ఇటలీవారిని వర్ణించునపుడు జాతినిబట్టి గుణములు కట్టి, నొప్పించు మాటలు వ్రాసెను. తన పేర వెలసిన చిత్రములలో కొన్ని అతని స్నేహితులు తీసినవి. వీథిబాలకులు నిద్రించుచున్నట్లున్న కొన్ని చిత్రములు వారిని అట్లు కూర్చుండబెట్టి తీసినవని తరువాతివారు గుర్తించిరి. అన్నిటికంటె పెద్ద ప్రశ్న మఱియొకటి కలదు. ఆ రాత్రులలో గదులలోనివారిని అతడు అనుమతి అడుగలేదు. దిక్కులేనివాడని తనను నడిరేయి లేపి గెంటినప్పుడు అతని మనస్సెంత క్షోభించెనో అతనికే తెలియును. అట్టివాడే నడిరేయి ఇతరుల తలుపు త్రోసి, వారి కన్నులు మిఱుమిట్లు గొనునట్లు మంట వెలిగించెను. ఆ చిత్రములలోని వారిలో పెక్కుమంది పేర్లు నేడు ఎవరికిని తెలియవు. వారి బీదరికము లోకమునకు తెలిసినదిగాని, వారు ఏమి తలచిరో, ఏమి కోరిరో తెలియలేదు.

అయితే అతడు అడిగి తీసిన చిత్రములును కలవు. 1892వ సంవత్సరమున అతడు బీదపిల్లలనుగూర్చి మఱియొక పుస్తకమును ప్రకటించెను. అందు కేటీ అను తొమ్మిదేండ్ల బాలిక కనబడును. తల్లి చనిపోయినది. తండ్రి మారుపెండ్లి చేసికొనగా పిల్లలు వేఱుగా కాపురముండిరి. పెద్దవారు కర్మశాలకు పోయి సంపాదింపగా, ఇంటిపని యంతయు కేటీ చేయుచుండెను. చిత్రము తీయుదునా యని రీస్ బడిలో అడుగగా, ఆమె మాఱుమాట లేక లేచి వచ్చి నిలుచుండెను. ఏమి పని చేయుదువని అడుగగా, నేల తోముదునని బదులు చెప్పెను. ఆ చిత్రములో మెఱుపుమందు బెదురు లేదు. చిఱునవ్వును లేదు. అతుకుల గౌను తొడుగుకొని, చేతులు ముందుకు కట్టుకొని, నిటారుగా నిలిచి మనవైపు చూచుచున్న ఆ పిల్లను చూచినచో జాలికంటె ముందుగా గౌరవము పుట్టును. పేరు తెలిసిన బీదవాడు మనకు మనిషిగా కనబడును. పేరు తెలియనివాడు బీదరికముగా మాత్రమే కనబడును.

రీస్ 1901వ సంవత్సరమున తన జీవితచరిత్రను వ్రాసి ప్రకటించెను. పేటలోని బీదలకు సేవచేయు ఒక నిలయమునకు ఆ యేటనే అతని పేరు పెట్టిరి. రూజ్‌వెల్టు దేశాధ్యక్షుడైన పిమ్మటను వారి స్నేహము చెక్కుచెదరలేదు. 1905లో ఎలిజబెత్తు మరణించెను. రెండేండ్లకు అతడు మరల వివాహమాడెను. గుండెజబ్బు బాధించుచున్నను ఊరూర ఉపన్యసించుట మానక, 1914వ సంవత్సరము మే నెల 26వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రములోని తన పొలమువద్ద కన్నుమూసెను.

తాను ఛాయాచిత్రకారుడనని అతడెన్నడును చెప్పుకొనలేదు. తన గాజుపలకలను భద్రపఱచుటకును శ్రద్ధ వహింపలేదు. అతని మరణానంతరము ముప్పదియేండ్లకు పైగా అవి మఱుగునబడియుండెను. అలెగ్జాండర్ ఆలండ్ అను ఛాయాచిత్రకారుడు పట్టుబట్టి వెదకించగా, అవి రీస్ కాపురమున్న పాతయింటి అటకమీద దొరకెను. నాలుగువందలకు పైగా ఉన్న ఆ పలకలను అతని కుమారుడు న్యూయార్కు నగర ప్రదర్శనశాలకు ఒసగెను. 1947వ సంవత్సరమున వానితో ప్రదర్శనము జరిగినప్పుడుగాని విలేఖరిగా మాత్రమే యెఱిగిన రీసును లోకము ఛాయాచిత్రకారుడుగా గుర్తింపలేదు.

అతని తరువాత లూయిస్ హైన్ అను ఉపాధ్యాయుడు 1908వ సంవత్సరమునుండి గనులలోను మిల్లులలోను పనిచేయు బాలబాలికలను చిత్రించెను. అతడు పిల్లలతో మాటలాడి, వారి పేరు, వయస్సు, పని వ్రాసికొనుచుండెను. బాలకార్మికులకొరకు చట్టములు వచ్చుటకు ఆ చిత్రములు తోడ్పడెను. నాటినుండి నేటివఱకు లోకములోని మహానగరములన్నిటిలోను బీదల చిత్రములు లక్షలకొలది తీయబడుచున్నవి. నేడు ప్రతివాని చేతిలోను కెమెరా కలదు. మెఱుపుమందు మోసుకొనిపోవలసిన పని లేదు. కాని రీసు జీవితము మన ముందుంచు ప్రశ్నలు తీఱలేదు. ఈ చిత్రము తీయుటకు ఆ మనిషి సమ్మతించెనా? దీనివలన మేలు ఎవరికి? చూచినవారు జాలిపడి ఊరకుందురా, లేక ఆ గదికి ఒక కిటికీ పెట్టింతురా?

రీస్ మొదటి ప్రశ్నను పలుమాఱులు మఱచెను. చివరి ప్రశ్నను మాత్రము ఒక్కనాడును మఱవలేదు. చిత్రము తీసి యింటికి పోయి నిద్రించినవాడు కాడతడు. ఆ చిత్రమును చేతబట్టుకొని చర్చిలకు, పత్రికలకు, అధికారులకు, శాసనసభకు తిరిగి తిరిగి, మేడ కూలువఱకును, కిటికీ తెఱచువఱకును విశ్రమింపలేదు. పరుల దుఃఖమును చూపువానికి ఆ దుఃఖమును తీర్చు బాధ్యతయు కలదని తన పనిచేత నిరూపించినందుననే జేకబ్ రీస్ చిరస్మరణీయుడు.